నాకు నలభై బిట్లే ఇచ్చారు

నా పేరు ఆర్‌సీ2. ఉత్తరాలను పరాయి కళ్లకు అర్థం కాకుండా మార్చడం, అంటే ఎన్‌క్రిప్షన్, నా పని. 1987లో రాన్ రివెస్ట్ నన్ను రూపొందించారు. 1024 బిట్ల దాకా ఎంత పొడవు కీ ఇచ్చినా పనిచేయగలను. కానీ ఆ రోజుల్లో అమెరికా ఎన్‌క్రిప్షన్‌ను ఆయుధాల జాబితాలో పెట్టింది. దేశం దాటాలంటే కీ నలభై బిట్లకు మించకూడదన్నారు. నా సత్తా తగ్గించి ప్రపంచం మీదికి పంపారు.

నలభై బిట్లంటే 1,09,951 కోట్ల కీలు. మనిషికి అది అంతులేని లెక్క. కంప్యూటరుకు కొన్నాళ్ల పని. బిట్ పెరిగినకొద్దీ వెతికేవాడి శ్రమ రెట్టింపవుతుంది. నాకు 128 బిట్లు ఇచ్చి ఉంటే ఆ శ్రమ మరో 88 సార్లు రెట్టింపయ్యేది. 1997లో గూఢలిపి నిపుణుడు బ్రూస్ ష్నైయర్ వాళ్లు ఒక స్క్రీన్ సేవర్ తయారుచేశారు. ఖాళీగా ఉన్న మామూలు కంప్యూటర్లే నా కీలను ఒక్కొక్కటే వేసి చూసి ఉత్తరాన్ని విప్పేసేవి.

అంతకన్నా నన్ను బాధించింది ఎస్‌/మైమ్ నాకిచ్చిన చోటు. ఈమెయిల్ భద్రతకు అది ప్రమాణం. అవతలివారి సాఫ్ట్‌వేర్‌కు ఏ పద్ధతులు వచ్చో తెలియకపోయినా, ఉత్తరం తెరుచుకుని తీరాలనుకుంటే నన్నే వాడమని 1998 నాటి రెండో వెర్షన్ చెప్పింది. ముక్కూమొహం తెలియని లాయరుకో డాక్టరుకో రాసే మొట్టమొదటి ఉత్తరం, మనిషి తన కష్టమంతా చెప్పుకునే ఉత్తరం, నా చేతిలో పడేది. సెట్టింగులు వెతికి నన్ను తీసేసే తీరిక ఆ మనిషికి ఎక్కడిది? ఆ జాగ్రత్త సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు పడాలి. పదిమందికి రాసినప్పుడు ఒక్కరికి నేను తప్ప దిక్కు లేకపోతే మరీ ఘోరం. మిగతా తొమ్మిదిమందికి గట్టి ఎన్‌క్రిప్షన్‌తో వెళ్లినా, నా ప్రతిని విప్పినవాడికి అందులో ఉన్నదంతా తెలిసిపోతుంది.

1999లో వచ్చిన ఎస్‌/మైమ్ మూడో వెర్షన్ నలభై బిట్ల నాకన్నా గట్టి పద్ధతి అయిన ట్రిపుల్ డీఈఎస్‌ను తప్పనిసరి చేసింది. 2000 జనవరిలో అమెరికా ఎగుమతి నిబంధనలు సడలించింది. మరి ఆ పాత ఉత్తరాలో? దారిలో కాపీ తీసి దాచుకున్నవాడి దగ్గర అవి నలభై బిట్లతోనే ఉన్నాయి. పంపినవాళ్లు ఇవాళ ఎంత మంచి సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నా ఆ కాపీలకు కొత్త కీ వేయలేరు.