నలుగురిలో నవ్వులపాలు

‘సౌత్ పార్క్: షెఫ్స్ లవ్ ష్యాక్’ 1999లో వచ్చిన పార్టీ వీడియో గేమ్. నలుగురు ఒకే టీవీ ముందు చేరి, తలా ఒక కంట్రోలర్ పుచ్చుకుని, ఉన్న స్నేహాన్ని పరీక్షకు పెట్టుకునే ఆటలను పార్టీ గేమ్‌లంటారు. అమెరికాకు చెందిన అక్లెయిమ్ కంపెనీ దీన్ని నింటెండో 64, ప్లేస్టేషన్, డ్రీమ్‌కాస్ట్‌లతో పాటు కంప్యూటర్‌కూ విడుదల చేసింది. వీటిలో నింటెండో 64కు, డ్రీమ్‌కాస్ట్‌కు నాలుగేసి కంట్రోలర్లు తగిలించే వీలుంది. ప్లేస్టేషన్‌కు రెండే. మిగతా ఇద్దరినీ కలుపుకోవాలంటే మల్టీట్యాప్ అనే డబ్బా విడిగా కొనాలి. అది లేని ఇళ్లలో ఆ ఇద్దరూ సలహాదారులుగా స్థిరపడతారు.

ఆటకు మూలం ‘సౌత్ పార్క్’ కార్టూన్ సీరియల్. ట్రే పార్కర్, మ్యాట్ స్టోన్ సృష్టించిన ఈ సీరియల్ 1997 ఆగస్టులో కామెడీ సెంట్రల్ ఛానెల్లో మొదలైంది. కొలరాడోలోని ఓ మంచు ఊళ్లో స్టాన్, కైల్, కార్ట్‌మన్, కెన్నీ అనే నలుగురు బడిపిల్లలు ఇందులో నాయకులు. బొమ్మలు చూసి పిల్లల కార్యక్రమం అనుకున్న పెద్దలు రెండో నిమిషానికల్లా రిమోట్ కోసం తడుముకోవాల్సి వచ్చే భాష వాళ్లది. నారింజ రంగు కోటులో మూతి దాచుకుని గొణిగే కెన్నీ తొలి సీజన్లలో దాదాపు ప్రతి ఎపిసోడ్‌లోనూ చచ్చిపోయి, మరుసటి వారం ఏమీ ఎరగనట్టు బడికి వచ్చేవాడు. ఆటగాళ్లు నలుగురు, కుర్రాళ్లూ నలుగురే కావడంతో పాత్రల ఎంపికలో కంపెనీకి శ్రమ తప్పింది. ఆ శ్రమ ఆడేవాళ్లకు బదిలీ అయింది. ‘కార్ట్‌మన్ నాకంటే నాకు’ అన్న పేచీ తీరితేగానీ ఆట మొదలవదు.

ఆట నడిచేది టీవీ క్విజ్ పద్ధతిలో. సీరియల్లో బడి క్యాంటీన్ వంటవాడైన షెఫ్ ఇక్కడ క్విజ్ మాస్టర్. సీరియల్లో ఆయనకు గొంతు అరువిచ్చిన ఐజాక్ హేస్ ‘షాఫ్ట్’ సినిమా పాటకు ఆస్కార్ అందుకున్న గాయకుడు. ప్రశ్న పడగానే ముందు బటన్ నొక్కినవాడిదే జవాబు చెప్పే హక్కు. సరైతే పాయింట్లు వస్తాయి, తప్పైతే ఉన్నవీ ఊడతాయి. మనుషుల అసలు స్వభావాలు ఇక్కడే బయటపడతాయి. ఒకడు ముందు బటన్ నొక్కేసి, అందరూ తనవైపు తిరిగాక ప్రశ్న చదవడం మొదలెడతాడు. ఇంకొకడికి జవాబు తెలుసు, వేలే కదలదు. ‘నాకు తెలుసు, నేను చెప్పేవాణ్ణే’ అని ఆట ముగిసేదాకా వాపోతూనే ఉంటాడు. మూడోవాడు అసలు బటన్ జోలికే పోడు. అందరి పాయింట్లూ ఊడిపోయాక సున్నాతో గెలుస్తాడు.

ప్రశ్నల మధ్యలో చిన్న చిన్న ఆటలుంటాయి. వీటిలో చాలావరకు పాత ఆర్కేడ్ ఆటలకు పేరడీలు. 1979 నాటి ‘ఆస్టరాయిడ్స్’లో అంతరిక్షంలో రాళ్లు తేలితే, దాని పేరడీలో పిరుదులు తేలతాయి. నియమాలు బోధపడేలోపే ఆట అయిపోతుంది. ఓడినవాడు కంట్రోలర్‌ను తిరగేసి, మరగేసి, ఈ బటన్ నొక్కుకోవట్లేదని తేలుస్తాడు. ఆడలేక మద్దెల ఓడన్న సామెతకు ఇంతకన్నా ప్రత్యక్ష నిదర్శనం ఉండదు. ఒక్కోసారి మద్దెలదీ తప్పు ఉంటుంది. అదే ఏడాది అమెరికాలో విడుదలైన నింటెండో వారి ‘మారియో పార్టీ’లో కంట్రోలర్ మీది పుల్లను గిర్రున తిప్పే పోటీలుండేవి. పుల్లను అరచేత్తో అదిమి తిప్పిన పిల్లల చేతులు బొబ్బలెక్కాయి. ఫిర్యాదులు న్యూయార్క్ అటార్నీ జనరల్ దాకా వెళ్లాయి. చివరికి 2000లో నింటెండో చేతి తొడుగులు ఇస్తామని ఒప్పుకుంది.

షెఫ్ ఆటకు విమర్శకుల మెప్పు అంతంతమాత్రమే. క్విజ్ ప్రశ్నకు ఆయుష్షు ఒక్కసారే. జవాబు తెలిశాక అది వట్టి బటన్ పందెం. జోకు సంగతీ అంతే. సీరియల్ బృందం తర్వాతి కాలంలో ఆరు రోజుల్లో ఒక ఎపిసోడ్ తయారుచేస్తూ, ఆ వారం వార్తను ఆ వారమే ఏకిపారేసే స్థాయికి చేరింది. ఆటలో బిగించిన జోకుకు ఆ వెసులుబాటు లేదు, ఎన్నిసార్లు పెట్టినా అదే మాట అంటుంది. అక్లెయిమ్ తెచ్చిన సౌత్ పార్క్ ఆటలు సృష్టికర్తలకే రుచించలేదు. 2014 నాటి సౌత్ పార్క్ ఆట ‘ది స్టిక్ ఆఫ్ ట్రూత్’కు వాళ్లే కథ రాసుకున్నారు. అది ఒక్కరే ఆడే ఆట కావడంతో పేచీలూ తప్పాయి. అక్లెయిమ్ అప్పటికి పదేళ్ల ముందే, 2004లో, దివాలా తీసింది.

షెఫ్ ఆటను ఒంటరిగానూ ఆడొచ్చు, కాకపోతే తప్పు జవాబు చెప్పినప్పుడు పక్కన నవ్వేవాళ్లుండరు. ప్రశ్నలు పాతబడ్డా, జోకులు అరిగిపోయినా, గెలుపు ఖాయమనుకున్నవాడు చివరి ప్రశ్నకు బోర్లాపడటం మాత్రం ఎన్నిసార్లు చూసినా కొత్తగానే ఉంటుంది. ఓడితే ఉడుక్కునే ఆ మనిషిని ఏ కంపెనీ డబ్బాలో పెట్టి అమ్మలేదు. ఆట కొన్నవాళ్లే సమకూర్చుకోవాలి.