ఒక కొటేషనునకు టీకా తాత్పర్యములు

మూలము: “అత్యాధునిక ఈపీడీఎం రబ్బరు మెంబ్రేన్, అతుకులేని సంపూర్ణ రక్షణ, జీవితకాల గ్యారంటీ, షరతులు వర్తించును.”

అవతారిక: శ్రావణమాసమున పడకగది సీలింగు కారగా, మంచము గోడవారకు జరిపి, ఆ చోట బకెట్టు నుంచిన గృహస్థునకు వాటర్‌ప్రూఫింగు వారి సేల్సు మహాశయుడు వాట్సాప్‌లో పంపిన గద్యమిది. అంతకుముందు ఆయన డాబా నెక్కి నాలుగు ఫొటోలు తీసెను. నీటి గొట్టము నోరు ఎచ్చట నున్నదని అడుగలేదు.

టీక: ఈపీడీఎం = ఇథిలీన్, ప్రొపిలీన్, ఒక డయీను కలిపి వండిన నల్ల రబ్బరు. ఎండకు ఓర్చును, నూనెకు ఓర్వదు. నూనె తగిలిన ఉబ్బును. నూనె ఊరగాయలను డాబాపై ఎండకు పెట్టు వంశముల వారికి ఈ సంగతి ముందు చెప్పవలసినది. కవి చెప్పలేదు. మెంబ్రేన్ = పొర. పొర యన్నచో రేటు పలుకదు.

“అతుకులేని” – అతిశయోక్తి. షీటు చుట్టగా వచ్చును. డాబా అంతకన్న వెడల్పైనచో అంచుపై అంచు వేసి టేపుతో అతికింపక గతిలేదు. పోనీ ఒకే షీటు సరిపోయిందనుకుందాం. పిట్టగోడ దగ్గర దాన్ని పైకి మడవాలి కదా? ట్యాంకు గొట్టం చుట్టూ కోయాలి కదా? షీటు నడిమధ్యలో కారే డాబా అరుదు. నీళ్లు దూరేది ఆ మడతల్లోంచే, ఆ కోతల్లోంచే.

“జీవితకాల” – ఎవరి జీవితము? షీటుదని కొందరు, గృహస్థుదని కొందరు. కంపెనీది అనుటయే సంప్రదాయజ్ఞుల మతము. పాఠాంతరములు: ఉదయపు ప్రతిలో “10 ఏండ్లు”, బేరము తెగని సాయంత్రపు ప్రతిలో “15 ఏండ్లు”. “జీవితకాల” యనునది మరునాటి పాఠము. షీటు మందము మూడు ప్రతులలోను లేదు. చివర నున్న “జీఎస్టీ 18 శాతం అదనం” ప్రక్షిప్తమని భ్రమింపరాదు. గ్రంథమంతటిలో సందేహమునకు తావులేని వాక్యమదియే.

“షరతులు వర్తించును” – స్పష్టము. (కష్టమైన చోటనే వ్యాఖ్యాతలు ఈ మాట వ్రాయుదురు.)

విశేషము: మల్లినాథసూరి మెదకుసీమ కొలిచెలమవాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ముందే మాటిచ్చి కాళిదాసు కావ్యాలు మూడింటికీ వ్యాఖ్య రాశాడు. ఈ కొటేషను ఆయన చేతికిస్తే ఏం చేసేవాడో! అక్కరలేనిది చెప్పకూడదంటే ఇందులో జీఎస్టీ తప్ప మిగలదు. మూలంలో లేనిది రాయకూడదంటే డాబా వాలు సంగతి ఎలా ఎత్తేది?

వాలు తెలిసినవాళ్లు గచ్చు మేస్త్రీలు. వాళ్లు వేసే కప్పును మద్రాసు టెర్రసు అనేవారు. టేకు దూలాల మీద ఇటుకలు నిలువుగా, ఐమూలగా పేర్చి, సున్నంలో అతికి, పైన ఇటుక ముక్కలూ గానుగ సున్నమూ కలిపి పరిచేవారు. తర్వాత ఆడకూలీలు వరుసగా కూర్చుని కొయ్య బద్దలతో కొట్టేవారు. కరక్కాయా బెల్లమూ నానబెట్టిన నీళ్లు చల్లడం, కొట్టడం. బద్ద ఎగిరిపడేదాకా, రోజుల తరబడి. కొడుతూనే నీళ్లు ఎటు పోవాలో అటు పల్లం తీసేవారు. అవీ కారేవి, కాదనను. పగుళ్లలో రావిమొక్కలు మొలిచేవి. కానీ ఏ మేస్త్రీ కూడా తూము ఎక్కడుందో చూడకుండా తట్ట దించలేదు.

ఎందాక వచ్చాం? తాత్పర్యము: నూరు అడుగులకు ఒక అడుగు, అంటే పది అడుగులకు అంగుళం పైచిలుకు వాలు తీసి, గొట్టం నోటిలోని ఆకులు ఎత్తి, పిట్టగోడ మొదలు గుండ్రం చేశాకే రబ్బరు మాట. ఆ పనికి సిమెంటూ మేస్త్రీ చాలు గనుక దానికి బ్రోచరు లేదు. మరి షరతులో? మరునాడు మూడో పేజీ అడిగి తెప్పించగా తేలినవి: గోడ అంచులు, గొట్టముల చుట్టూ, నీరు నిలిచే చోట్లు గ్యారంటీలో చేరవు. అయ్యా, నీరు నిలవని చోట గ్యారంటీ నాకెందుకు?

ఫలశ్రుతి, యథామూలము: “సగం సొమ్ము ముందుగా.” వ్యాఖ్యాత చేర్పు: పని ముగిసిన పిదప గొట్టము మూసి, డాబాపై 48 గంటలు నీరు కట్టి, పడకగది సీలింగు చూసి, మిగిలిన సగము.