వేగవతి రాళ్లు: ఒక నీటిరంగుల చిత్రం కథ

ఈ కథ సాలూరు దగ్గర వేగవతి నదిని చూసి వేసిన నీటిరంగుల చిత్రానిది. ఆ చిత్రంలో ఉన్నవి రెండే: రాళ్లు, నీళ్లు.

రాళ్ల కథ పాతది. తూర్పు కనుమల్లో విరివిగా దొరికే ఖొండలైట్ సుమారు వంద కోట్ల ఏళ్ల కిందట భూగర్భంలోని వేడికీ ఒత్తిడికీ రూపు మారిన రాయి. ఈ కొండల్లో ఉండే కోదు (ఖోండ్) తెగ పేరు మీద వాకర్ అనే భూవిజ్ఞాని 1902లో దానికి ఆ పేరు పెట్టాడు. ఎండకు ఎండి, వానకు నాని అది ఇటుకరంగుకు తిరుగుతుంది. ఈ కనుమల్లోనే ఉండే చార్నకైట్ మాత్రం నల్లగా, నీలిచాయతో ఉంటుంది. పాచిపెంట కొండల్లో పుట్టి నాగావళిలో కలిసే వేగవతి ఇలాంటి రాళ్లను ఒరుసుకుంటూ పారుతుంది.

చిత్రానికి ఆధారం నూలు పీచుతో చేసిన దళసరి కాగితం. చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు. తడిస్తే ముడతలు పడకుండా దాన్ని ముందే పలకకు అంటిస్తారు. రంగుపొడిని కాగితానికి పట్టి ఉంచేది తుమ్మజాతి చెట్ల బంక.

నీటిరంగుల్లో పని లేతరంగుతో మొదలై ముదురురంగుతో ముగుస్తుంది. సాధారణంగా తెల్లరంగు వాడరు, రాతికి కొట్టుకుని లేచే నురగ కావాలంటే అక్కడ కాగితాన్ని ముట్టుకోకుండా వదిలేయాలి. అంటే ఈ చిత్రంలో అత్యంత వెలుగున్న చోటు కుంచె తగలని చోటే. ఇటుకరంగు బర్న్ట్ సియన్నాలో అల్ట్రామెరీన్ నీలం కలిపితే రాతి నీడకు కావలసిన బూడిదరంగు వస్తుంది. నీలం రేణువులు కాగితపు గుంటల్లో దిగి, గరుకును వాటంతట అవే చూపుతాయి. దాదాపు ఆరిన కుంచెను పక్కవాటుగా లాగితే రాతి గరుకుదనం కనిపిస్తుంది. రాయి నీటిని తాకే గీత దగ్గర ఒక సన్నని ముదురు పట్టీ వేస్తారు. అది లేకపోతే రాయి నీటిమీద తేలుతున్నట్టుంటుంది.

చిత్రాన్ని పుట్టించిన నీరే దానికి శత్రువు కూడా. బంక మళ్లీ కరుగుతుంది, చెమ్మకు బూజు పడుతుంది. వెలుతురు ఎక్కువైతే కొన్ని రంగులు వెలిసిపోతాయి. అందుకే మ్యూజియాలు నీటిరంగుల చిత్రాలకు 50 లక్స్‌కు మించి వెలుతురు పెట్టవు. కాగితానికి అద్దం ఆనకుండా మధ్యలో అట్ట చట్రం ఉండాలి. నీటిరంగుల్లోనూ పనిచేసిన చిత్రకారుడు దామెర్ల రామారావు (1897–1925) చిత్రాలు రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న గ్యాలరీలో ఇప్పటికీ చూడవచ్చు. చెమ్మ, ఎండ తగలకుండా కాపాడితే వేగవతి చిత్రం కూడా తనను వేసిన చేతికన్నా ఎక్కువకాలం బతుకుతుంది.