టై కట్టిన అడ్డా

పొద్దున ఏడు కొట్టేసరికి తెలంగాణలో ఏ పట్నం కూడలికి వెళ్ళినా అడ్డా నిండి ఉంటుంది. చేతిలో తాపీ, గమేళా, సంచిలో టిఫిన్ డబ్బా, భుజాన తువ్వాల. తాపీ మేస్త్రీలు, పారపని వాళ్ళు, రంగులేసేవాళ్ళు, సెంట్రింగు వాళ్ళు. ఒక బండి ఆగుతుంది, పది మంది చుట్టూ మూగుతారు, ఇద్దరు ఎక్కి వెళ్ళిపోతారు. తొమ్మిది దాటిందంటే మిగిలినవాళ్ళు డబ్బా విప్పకుండానే ఇంటిదారి పడతారు. సరిగ్గా అదే ఏడింటికి హైదరాబాదు హోటళ్ళలో ఇంకో అడ్డా కూడుతుంది. అక్కడ తాపీలుండవు, కోటుకు బ్యాడ్జీలుంటాయి. ఇడ్లీ, ఉప్మా, కాఫీ అయ్యాక ఒక్కొక్కరే లేచి నిమిషంలోపు తమ వ్యాపారం గురించి చెప్పి, తమకెలాంటి గిరాకీ కావాలో అడిగి కూర్చుంటారు. మొదటి అడ్డాలో నిలబడడానికి ఎవరికీ ఏమీ కట్టక్కర్లేదు. రెండో అడ్డాలో కూర్చోడానికి కట్టాలి.

ఈ రెండో అడ్డాకు పుట్టిల్లు కాలిఫోర్నియా. ఐవన్ మైస్నర్ అనే వ్యాపార సలహాదారు 1985లో మొదలుపెట్టిన బీఎన్‌ఐ అనే వ్యాపారుల సంఘం ఇప్పుడు 70కి పైగా దేశాల్లో నడుస్తోంది. సూత్రాలు సులువు. ఒక్కో శాఖలో ఒక్కో వృత్తికి ఒక్కరే సభ్యుడు. వారానికోసారి తప్పనిసరి హాజరు. ఒకరి గిరాకీ ఒకరికి పంపుకోవాలి, వచ్చిన బిల్లు ఎంతో అందరి ముందూ చెప్పి కృతజ్ఞతలు చెప్పాలి. ఇచ్చేవాడికే లాభం అన్నది వాళ్ళ నినాదం. అందరికంటే ముందు ఇచ్చేవాడు సభ్యుడు, ఇచ్చేది రుసుము. ఇది గొలుసుకట్టు దందా మాత్రం కాదు. ఆ నింద వెయ్యడం అన్యాయం. పైనున్నవాడికి కిందివాడి వాటా పోయే ఏర్పాటు ఇందులో లేదు. కట్టిన డబ్బుకు వాళ్ళు చెప్పిన సభ, చెప్పిన టైముకు, చెప్పినట్టే జరుగుతుంది. పేచీ అంతా ఆ సభ ఎవరికి పనికొస్తుందన్న దగ్గరే. ఆడిటరుకూ, బీమా ఏజెంటుకూ, ఇంటీరియరు డిజైనరుకూ అమ్మిన మందునే కుళాయి బాగుచేసేవాడికీ, మోటరు చుట్టేవాడికీ కూడా రాసిస్తున్నారు.

ఆ మందు కుసుమంచికి వచ్చిందనుకుందాం. ఖమ్మం నుంచి సూర్యాపేట పోయే రోడ్డు మీది మండల కేంద్రం. కాకతీయుల నాటి గణపేశ్వరాలయం ఒక పక్క, పాలేరు జలాశయం ఇంకో పక్క. ఊళ్ళో ఫంక్షన్ హాలు దొరుకుతుంది, ఇడ్లీకి కొదవ లేదు. గురువారం ఏడింటికి కుసుమంచి శాఖ తొలి సమావేశం. మోటరు వైండింగు ఆయన, వెల్డింగు షాపు ఆయన, వడ్రంగి, తాపీ మేస్త్రీ, టెంటు హౌసు, ఫొటో స్టూడియో, మీసేవ, క్షౌరశాల. అందరికీ బ్యాడ్జీలు. నగరం నుంచి వచ్చిన శిక్షకుడు గడియారం చేతబట్టి మొదలుపెట్టమన్నాడు. వైండింగు ఆయన లేచి, గొంతు సవరించుకుని, తన పేరూ షాపు పేరూ చెప్పాడు.

హాల్లో ఎవరికీ నవ్వాగలేదు. ఆయన పేరు తెలియనివాడు ఆ గదిలో శిక్షకుడొక్కడే. మిగిలిన వాళ్ళంతా ఆయన పెళ్ళిలో భోజనం చేసినవాళ్ళు. టెంటు వేసినవాడూ, ఫొటో తీసినవాడూ అక్కడే ఉన్నారు. ఒకాయనకు ఫొటోల బాకీ ఇంకా కొంత రావాలి కూడా.

"మీకు ఎలాంటి రిఫరల్ కావాలో చెప్పండి సార్" అంటాడు శిక్షకుడు.

"ఏం కావాలె సార్, మోటరు కాలినోడు కావాలె."

"అలాంటివాళ్ళు ఎవరైనా తెలిస్తే వచ్చే గురువారం చీటీ రాసి ఇవ్వండి."

వచ్చే గురువారం! కాలువ నీళ్ళు అందని మెరక పొలంలో యాసంగి వరి పొట్టకొచ్చి ఉంటుంది. రాత్రి వోల్టేజీ పడిపోయి మోటరు కాలుతుంది. తెల్లారి రైతు వచ్చి చూస్తే బావి దగ్గర కాలిన వార్నిషు వాసన. రైతు చేసే మొదటి పని ఫోను తియ్యడం, రెండో పని పక్క చేను ఆసామిని కేకెయ్యడం. "బావా, మొన్న నీ మోటరు ఎవరు చుట్టిండ్రే?" అంతే, రిఫరల్ అయిపోయింది. మధ్యాహ్నానికల్లా మోటరు ట్రాక్టరెక్కి షాపు ముందు దిగుతుంది. నల్లబడ్డ రాగి తీగ కోసి లాగి పారేసి, స్లాట్లలో కొత్త కాగితం పెట్టి, చుట్టలు దింపి, వార్నిషు పోసి ఆరబెడతారు. రైతు అక్కడే బల్ల మీద కూర్చుని గంటకోసారి అయిందా అని అడుగుతాడు. ఈ మొత్తం వ్యవహారంలో గురువారానికి ఇరికే సందు లేదు.

ఒక్కో వృత్తికి ఒక్కరే అన్న నియమాన్ని కాలిఫోర్నియా కనిపెట్టిందనుకుంటే మన పల్లెలకు కోపం వస్తుంది. పన్నెండు మంది ఆయగాళ్ళంటే ఏమిటి? ఊరికో వడ్ల, ఊరికో కమ్మరి, ఊరికో కుమ్మరి, చాకలి, మంగలి. పోటీ లేదు, ప్రకటన లేదు. పంట కళ్ళానికి వచ్చినప్పుడు రైతు గింజలు కొలిచి మేర పెట్టేవాడు. దాన్ని మరీ ముద్దుచేసి చెప్పుకోనక్కర్లేదు. కులం ఎటు నెడితే అటు పోవాల్సిన బతుకది, పైగా నిజాం కాలంలో దొర పిలిస్తే వెట్టికి పోవాల్సిందే. అయినా ఒక్క విషయంలో ఆ పాత ఏర్పాటు కొత్తదాని కంటే మెరుగు. అప్పుడు గింజలు ఊరి నుంచి పనివాడికి వచ్చేవి.

కాలిఫోర్నియా కంటే ముందు షికాగో కూడా ఉంది. 1905 ఫిబ్రవరి 23న పాల్ హారిస్ అనే లాయరు, ఒక బొగ్గు వ్యాపారి, ఒక గనుల ఇంజినీరు, ఒక దర్జీ కలిసి కూర్చున్నారు. వంతులవారీగా ఒకరి ఆఫీసులో ఒకరు కలిసేవాళ్ళు కాబట్టి ఆ క్లబ్బు రోటరీ అయింది. వాళ్ళకూ వృత్తికొకరే నియమం. మొదట్లో ఒకరికొకరు వ్యాపారం ఇచ్చిపుచ్చుకోవడం వాళ్ళ ఆశయాల్లో ఒకటి. రెండేళ్ళు తిరిగేసరికి, 1907లో, నగరానికి పబ్లిక్ మరుగుదొడ్డి కావాలని తిరగడం మొదలుపెట్టారు. సేవాభావం అనండి, విసుగు అనండి. అందులో కనీసం ఒక ప్లంబరుకైనా పని దొరికి ఉంటుంది.

అసలు చిక్కు ఆ ఒక్కరే నియమంలోనే ఉంది. చిన్న పనివాడికి ఎక్కువ పని తెచ్చిపెట్టేది ఎవరు? ఆడిటరు కాదు, బీమా ఏజెంటు కాదు. అదే పని చేసే ఇంకో పనివాడు. కరెంటు పనాయన చేతిలో రెండు ఇళ్ళ వైరింగు ఉన్నప్పుడు మూడోది వస్తే, "నాకు తీరదు, మా తోడల్లుడికి చెప్తా" అంటాడు. మేస్త్రీకి స్లాబు పని తగిలితే చుట్టుపక్కల మేస్త్రీలకే ఫోన్లు కొట్టి మనుషుల్ని కూడేస్తాడు. టైల్సు పనిలో చెయ్యి తిరగనివాడు టైల్సు మేస్త్రీని తెస్తాడు. ఇవాళ పోటీదారు, రేపు పొత్తుదారు, ఎల్లుండి వియ్యంకుడు. ఆ పోటీదారుకు తలుపేసి, సంవత్సరానికోసారి లెక్కలు చూపించుకునే ఆడిటరును పక్కన కూర్చోబెట్టడాన్ని ప్రత్యేక హక్కు అంటున్నారు. పదిమంది చుట్టాలున్న ఇంట్లోంచి మనిషిని లాక్కొచ్చి, ఇదిగో నీకొక్కడికే గది అన్నట్టుంది.

ఇక లెక్కకు వద్దాం. నగరాల్లో ఇలాంటి సభ్యత్వాలు ఏడాదికి పదుల వేలల్లో ఉంటాయి, దాని మీద జీఎస్టీ, వారం వారం టిఫిను ఖర్చు అదనం. మన వైండింగు ఆయనకు దయతలచి అన్నీ కలిపి 40,000 అనుకుందాం. రాకపోకలతో కలిపి వారానికి రెండున్నర గంటలు, 52 వారాలకు 130 గంటలు. రోజుకు ఎనిమిది గంటల చొప్పున దాదాపు 16 పనిదినాలు. రోజు కూలి 1,000 వేసినా 16,000. మొత్తం 56,000. రాగి, వార్నిషు, బేరింగులు పోను ఒక మోటరుకు 2,000 మిగిలిందనుకుంటే 28 మోటర్లు చుడితే గానీ పెట్టుబడి తిరిగి రాదు. అవి మామూలుగా వచ్చే మోటర్లు అయితే లెక్కలోకి రావు. ఆ హాలు లేకపోతే కాలినా ఆయన షాపుకు రాని మోటర్లు అయ్యుండాలి. అలాంటివి 28 కాలాలంటే ఆ ఏడు కరెంటు వాళ్ళు ఎంత సహకరించాలో!

హాజరు సంగతి మరీ చోద్యం. ఆరు నెలల్లో మూడు సార్లకు మించి రాకపోతే కుర్చీకే ముప్పు, రాలేనివాడు బదులు మనిషిని పంపాలి. స్లాబు పడే రోజు ఆరింటికే మిల్లరు తిరగాలి. ఏడింటికి మేస్త్రీ ఫంక్షన్ హాల్లో చప్పట్లు కొడుతుంటే కాంక్రీటు ఆయన కోసం గట్టిపడకుండా ఆగదు. బదులు మనిషిని పంపడమంటే ఉన్న ఒక్క హెల్పరుకు ఇస్త్రీ చొక్కా తొడిగి పంపడం, షాపుకు తాళం వెయ్యడం. అదే ఆడిటరైతే ఆఫీసులో ఇద్దరు గుమాస్తాలున్నారు, పదింటికి గానీ తలుపు తియ్యరు. పొద్దున ఏడు ఆయనకు ఖాళీ సమయం, మేస్త్రీకి బేరం సమయం. ఈ ఒక్క తేడా నగరంలో ఈ పద్ధతిని రూపొందించినవాళ్ళకు కనిపించదు, ఎందుకంటే ఆ గదిలో పొద్దున్నే పనికి పోయేవాడు ఉండడు.

వారం వారం ఆ సభలో ప్రకటించే లక్షలూ కోట్లూ వింటే కళ్ళు తిరుగుతాయి. అవి జరిగిన బిల్లుల మొత్తం, జేబులో మిగిలింది కాదు. ఇల్లు కట్టే కాంట్రాక్టరు ఒక్క ఒప్పందంతో 30 లక్షలు చదివితే పక్కన 300 రూపాయల కుళాయి వాషరు మార్చినవాడు తన అంకె ఎట్లా చదువుతాడు? చదివినా చప్పట్లు అన్నే కొడతారు. రుసుములోనూ తేడా ఉండదు.

ఇంతకీ పనివాడి నోటిమాటకు విలువ ఉందని ఈ సంఘాల కంటే ముందే కనిపెట్టిన వ్యాపారులున్నారు. వాళ్ళు పనివాడి దగ్గర వసూలు చెయ్యరు, వాడికే ఇస్తారు. రంగు డబ్బా మూత తీస్తే పెయింటరుకు టోకెను. సిమెంటు కంపెనీ మేస్త్రీల మీటింగు పెడితే రాత్రి బిర్యానీ, టీషర్టు, టేపు. ఫెవికాల్ వాళ్ళు వడ్రంగులకు క్లబ్బులు పెట్టారు, ఫర్నిచరు బొమ్మల పుస్తకాలు అచ్చేశారు. ఇంటాయన ఆ పుస్తకం చూసి మంచం ఎంచుకుంటాడు, వడ్రంగి జిగురు ఎంచుకుంటాడు. సర్కారు కూడా అంతే. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తుల వాళ్ళకు శిక్షణకు కూర్చున్నందుకు రోజుకు 500, పనిముట్లకు 15,000 దాకా ఓచరు. కాగితాల తిప్పలు వేరే కథ, కానీ కూర్చోబెట్టినవాడే కూలి ఇస్తున్నాడు. వడ్రంగిని కూర్చోబెట్టి వడ్రంగి దగ్గరే వసూలు చెయ్యడం ఈ టై కట్టిన అడ్డాకే చెల్లింది.

చీటీ అన్న మాట కూడా పాడైంది. కుసుమంచిలో చీటీ అంటే నెలకోసారి పాట. 20 మంది తలా రెండు వేలు వేస్తే, అవసరమున్నవాడు పాడుకుని కూతురి ఫీజు కట్టుకుంటాడు, పాడనివాడికి చివర్లో డబ్బు చేతికొస్తుంది. ఎత్తేసి పారిపోయిన చీటీలవాళ్ళూ ఉన్నారు, ఆ భయం ఊరికి తెలుసు. అయినా డబ్బు వేసినవాడికి డబ్బే తిరిగి వస్తుందన్న ఆశ ఉంటుంది. ఈ టై కట్టిన అడ్డాలో డబ్బు వేస్తే చీటీ పేరుతో ఒక కాగితం వస్తుంది, దాని మీద ఒక పేరూ ఫోను నంబరూ. ఆ నంబరుకు కొడితే "ఇప్పుడేం అవసరం లేదండీ, ఉంటే చెప్తా" అంటారు. పక్క మండలం నేలకొండపల్లిలో పుట్టిన భక్త రామదాసు రాముడి గుడికి ఖజానా సొమ్ము ఖర్చుపెట్టి గోలకొండ జైల్లో పడ్డాడు. చివరికి రాముడే వచ్చి ఆరు లక్షలు కట్టి రశీదు తెచ్చాడని కథ. ఇక్కడ వరస తిరగబడింది. రశీదు మొదటి రోజే చేతికొస్తుంది, రాముడి కోసమే వారం వారం ఎదురుచూడాలి.

పెద్ద బిల్లుల వాళ్ళకు ఇది పనికిరాదని ఎవరూ అనరు. మాడ్యులర్ కిచెన్లు చేసేవాడికి ఏడాదిలో రెండు గిరాకీలు దొరికినా రుసుము గిట్టుతుంది. హైదరాబాదులో అపార్టుమెంటు కొన్నవాడికి పక్కింటివాడి పేరే తెలియదు, కాబట్టి అక్కడ నమ్మకానికి ధర కట్టి అమ్మొచ్చు. ఎవరింటి కోడలు ఏ ఊరిదో కూడా తెలిసిన చోట దాన్ని అమ్మబోవడం పాలేరు గట్టు మీద నీళ్ళ ప్యాకెట్ల కొట్టు పెట్టడమే.

వైండింగు ఆయన మూడో గురువారం వెళ్ళలేదనుకుందాం. ఆ పొద్దున ఆయన ఒక బావి దగ్గర ఉంటాడు. కొత్తగా చుట్టిన మోటరు బిగించి, మూడు ఫేజులూ కలిపి, స్టార్టరు పచ్చ బటను నొక్కుతాడు. పైపు రెండుసార్లు దగ్గి మట్టినీళ్ళు కక్కుతుంది, తర్వాత తెల్లగా పడుతుంది. రైతు చెప్పులిప్పి కాళ్ళు తడుపుకుంటాడు. వైండింగు ఆయన చొక్కా జేబులోంచి నల్ల మార్కరు తీసి స్టార్టరు డబ్బా మూత లోపలివైపు పది అంకెలు రాస్తాడు. అక్కడ ముందే ఒక నంబరుంది, సగం చెరిగిపోయింది. వాళ్ళ బాబాయిది.