ఉమ్మడి ఆస్తికి ఒక్కడి ఉమ్మి

ఉమ్మికి ఇంత ధర పలుకుతుందని ముందే తెలిసుంటే మన బస్టాండు గోడలను ఏనాడో వేలం వేసుండేవాళ్లం. అమెరికాలో ఉమ్మిలోని జన్యువులు పరీక్షించి వంశమూలాలు చెప్పే ట్వంటీత్రీ అండ్‌ మీ అనే కంపెనీ దగ్గర కోటిన్నర మంది ఉమ్మి లెక్కలు పోగుపడ్డాయి. 2025 మార్చిలో అది దివాలా పిటిషన్‌ వేసింది. దివాలా తీసిన షాపులో బల్లలూ కుర్చీలూ అమ్ముతారు. ఇక్కడ అమ్మకానికున్న అసలు సరుకు జనం జన్యువులే. చివరికి 30.5 కోట్ల డాలర్లకు బేరం తెగింది. కొన్నదెవరనుకున్నారు? కంపెనీ పెట్టినవాళ్లలో ఒకరైన యాన్‌ వొజిట్స్కీ నడిపే లాభాపేక్ష లేని సంస్థ!

అంతా సమ్మతితోనే జరిగింది లెండి. అరగంట ముందు నుంచీ కాఫీ చుక్కైనా ముట్టకుండా నోరు కట్టుకుని, ప్లాస్టిక్‌ గొట్టంలో గీత దాకా ఉమ్మాలి. నురగ లెక్కలోకి రాదు. ఆ గీతను కళ్లద్దాలు పెట్టుకుని మరీ చూసినవాళ్లు, షరతుల పేజీలను మాత్రం వేలితో ఒక్క తోపు తోసి ‘ఒప్పుకుంటున్నాను’ నొక్కారు. పరిశోధనకు వాడుకోండని 80 శాతం మంది దాకా సరేనన్నారు. ఆ పుణ్యమా అని 2018లో గ్లాక్సో స్మిత్‌క్లైన్‌ మందుల కంపెనీ 30 కోట్ల డాలర్ల పెట్టుబడి పెట్టింది. డబ్బు కట్టి మరీ ఉమ్మినవాళ్లకు ఏం దక్కిందంటారా? తాము ఎంత శాతం ఐర్లండో తెలిసింది.

డాలస్‌లో అన్న కొడుకు ఉమ్మితే, తెనాలిలో ఉన్న బాబాయి జన్యువుల్లో దాదాపు పావు వంతు ఆ గొట్టంలోకి చేరుతుంది. బాబాయిని ఎవరడిగారు? ఉమ్మడి పొలం అమ్మాలంటే దాయాదులందరి సంతకాలూ కావాలి. ఈ ఉమ్మడి ఆస్తికి ఒక్కడి ఉమ్మి చాలు.

2018 ఏప్రిల్‌లో కాలిఫోర్నియా పోలీసులు దశాబ్దాలుగా దొరకని హంతకుణ్ని పట్టుకున్నది ఇలాగే. వాడు ఏ గొట్టంలోనూ ఉమ్మలేదు. జన్యువులు పోల్చి బంధువులను వెతికిపెట్టే జెడ్‌మ్యాచ్‌ అనే మరో సైటులో దూరపు చుట్టాలు పెట్టుకున్న వివరాలే వాడి గుమ్మం చూపించాయి. వాడి మీద నాకేం జాలి లేదు. కానీ ముత్తాతల ఊరు వెతుక్కుందామని వచ్చిన ఆ చుట్టాలకు, తాము పోలీసులకు ఆచూకీ చెబుతున్నామన్న సంగతే తెలియదు.

ఇక ట్వంటీత్రీ అండ్‌ మీ సంగతి. 2023లో దొంగలు అక్కడి దాదాపు 14 వేల ఖాతాల్లో దూరి, 69 లక్షల మంది వివరాలు పట్టుకుపోయారు. చుట్టాలను కలుపుతామన్న సదుపాయం దొంగలకు కూడా కలిసొచ్చింది. వేరేచోట వాడిన పాస్‌వర్డే ఇక్కడా వాడడం మీవాళ్ల తప్పంటూ కంపెనీ లాయర్లు బాధితుల లాయర్లకు లేఖ రాశారు. సరే, ఆ 14 వేల మందీ తప్పు చేశారనే అనుకుందాం. మిగతా 68 లక్షల పైచిలుకు మంది చేసిన తప్పేమిటి? చుట్టాలుండడమా? ఆస్పత్రిలో ఇచ్చిన రక్తానికి అక్కడ ఆరోగ్య గోప్యతా చట్టం కాపలా ఉంది. పోస్టులో పంపిన ఉమ్మికి ఆ చట్టం వర్తించదు.

దివాలా వార్త వచ్చిన ఆ మార్చిలోనే కాలిఫోర్నియా అటార్నీ జనరల్‌, వివరాలు చెరిపేయించుకునే హక్కు మీకుందని జనానికి గుర్తుచేశారు. మీవాళ్లెవరైనా అక్కడుంటే ఈ రాత్రి వీడియో కాల్‌లో ఆవకాయ అందిందా అని అడిగే ముందు, ఉమ్మావా, చెరిపించావా అని అడగండి. పూర్తయిపోయిన పరిశోధనల్లోకి వెళ్లింది ఎలాగూ వెనక్కి రాదు. మిగిలింది చెరిపించే మీట ఖాతా ఉన్నవాడి చేతిలోనే ఉంటుంది. తెనాలి బాబాయి ఎంత మొత్తుకున్నా అది ఆయనకు ఇవ్వరు.