మొసలికున్న భాగ్యం

పల్నాటి ఎత్తిపోతల జలపాతంలో చంద్రవంక వాగు 70 అడుగుల ఎత్తునుంచి దూకే మడుగులోని మొసలికి పన్ను ఊడితే, దాని అడుగున ముందే సిద్ధమైన కొత్త పన్ను పైకి వస్తుంది గనుక, ఆ జాతికి డాక్టరు ఫీజు బెడద లేదు. మనిషికి మాత్రం పాలపళ్లు పోయాక వచ్చే 32 దంతాలే గతి. పుచ్చు పంటి గుజ్జుదాకా, అనగా నరాలు, రక్తనాళాలు ఉండే మెత్తని లోభాగందాకా చేరితే, డబ్బులేనివాడు లవంగనూనె దూదిని పంటికింద నొక్కిపెట్టి, అందులోని యూజెనాల్ అనే ద్రవ్యం నొప్పిని కాసేపు మొద్దుబార్చినందుకే జబ్బు నయమైందని మురిసిపోతాడు. కుళ్లిన గుజ్జును తీసి పూడ్చే రూట్ కెనాల్ చికిత్స ధర చెవిన పడగానే, నొప్పి పంటినుంచి జేబుకు పాకుతుంది. ఇక మిగిలేది, పళ్లూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేమన్న సామెత వైద్యమే. నాపరాయికి కరువులేని పల్నాడులో అదొక్కటి ఎప్పటికీ ఉచితమే!