నా ప్లానర్‌కు మూడు షిఫ్టులు

డిసెంబర్ 23న సింగరేణి డే స్టాళ్ళ దగ్గర సకినాలు, సర్వపిండి తిని ఇంటికొస్తానో లేదో, నాకు ఆ పిచ్చి మొదలవుతుంది. కొత్త సంవత్సరానికి ఇంకా వారం ఉంటుంది. నేను మాత్రం మంచిర్యాలకు పోయి ప్లానర్ కొనుక్కొచ్చి, దానికి ప్లాస్టిక్ కవరేసి, మొదటి పేజీలో ‘ఈ ఏటి లక్ష్యాలు’ అని రాసి కింద రెండు గీతలు కొడతాను. గీతలు స్కేలుతోనే. లక్ష్యాల్లో మొదటిది ఏటా ఒకటే: గాంధారి ఖిల్లా ఎక్కాలి. ఆ ఖిల్లా ఉన్న బొక్కలగుట్ట మా రామకృష్ణాపూర్‌కు ఎంతో దూరం లేదు. ఖిల్లా ఎక్కడికీ పోదన్న ధీమాతో దాన్ని ఏటికేడు కొత్త ప్లానర్‌లోకి ఎక్కిస్తూ ఉంటాను. పాత ప్లానర్లను పారేయడానికి మనసొప్పదు. వాటిలో ఉగాది దాకా నా చేతిరాత, అక్కడి నుంచి మా చిన్నోడి రాకెట్లు ఉంటాయి.

ఈ పిచ్చి నాకు డిగ్రీలో అంటుకుంది. వ్యాసరచన పోటీలో యండమూరి ‘విజయానికి ఐదు మెట్లు’ బహుమతిగా ఇచ్చారు. శ్రద్ధగా ఐదు మెట్లూ ఎక్కాను. ఎక్కి చూస్తే పైన రామకృష్ణాపూర్‌లో ఒక క్వార్టర్, గోడకు యూనియన్లవాళ్ళిచ్చిన క్యాలెండర్లు, స్టవ్వు మీద పొంగబోతున్న పాలు.

అయినా బుద్ధి రాలేదు. రాబిన్ శర్మ ‘ది 5 ఏఎం క్లబ్’ 2018లో వచ్చింది. తెల్లారగట్ల ఐదింటికి లేచి ఆ గంటను మూడు ముక్కలు చేసుకోవాలట. 20 నిమిషాలు చెమట పట్టేలా వ్యాయామం, 20 నిమిషాలు ఆలోచన, 20 నిమిషాలు చదువు. చదివి కాసేపు అయోమయంలో పడ్డాను. మొదటి షిఫ్టు వారంలో మా లైన్లోని ఆడవాళ్ళంతా ఐదు కాకముందే లేస్తారు. పొద్దున ఏడింటికల్లా ఇంటాయన బొగ్గుబాయి మీద ఉండాలంటే సద్ది అంతకుముందే కట్టాలి. చెమట సంగతి నల్లా దగ్గర బిందెలు చూసుకుంటాయి. ఆలోచన ‘ఇయ్యాల ఏం కూర’ దగ్గరే తెల్లారుతుంది. చదువంటారా, చిన్నోడి చేత పదమూడో ఎక్కం చెప్పించడం. ఈ లెక్కన మా వాడకట్టంతా ఏనాటి నుంచో ఆ క్లబ్బులో ఉన్నట్టే. చందా కట్టలేదంతే.

కాకపోతే ఆ క్లబ్బు మాకు ఒక్క వారమే నడుస్తుంది. పై వారం రెండో షిఫ్టు. మధ్యాహ్నం పోయిన మనిషి రాత్రి పదకొండు దాటాక ఇల్లు చేరి, స్నానం చేసి, తిని, ఆ పూట బాయిలో ఏ మోటరు ఆగిందో చెప్పి పడుకునేసరికి తారీఖు మారుతుంది. ఆ తర్వాతి వారం రాత్రి షిఫ్టు. మాకు తెల్లారినప్పుడు ఆయనకు పొద్దుగూకుతుంది. ఈ పుస్తకాలు రాసినవాళ్ళంతా రోజనేది ఒకటుంటుందని, అది మన చేతిలోనే ఉంటుందని నమ్మి రాశారు. నా రోజు బాయి మీది నోటీసు బోర్డుకు అతికించి ఉంటుందని వాళ్ళకెవరు చెప్పాలి?

పొమొడోరో పద్ధతి కూడా చూశాను. 1980ల చివర ఇటలీలో ఫ్రాన్సెస్కో సిరిల్లో అనే విద్యార్థి టమాట ఆకారంలో ఉండే వంటింటి టైమరును ముందు పెట్టుకుని చదువుకున్నాడట. 25 నిమిషాలు పని, ఐదు నిమిషాలు విశ్రాంతి. వంటింటి సరుకే కదా, మనకు పనికొస్తుందనుకున్నాను. ఫోన్‌లో టైమరు పెట్టి బట్టలు మడత పెట్టడానికి కూర్చున్నాను. అది రాత్రి షిఫ్టు వారం. టైమరు మోగగానే లోపలి గదిలో మంచం కిర్రుమంది, వెనకే ఒక దగ్గు. నా 25 నిమిషాల పని ఏమో గానీ, ఆయన నిద్ర మాత్రం అక్కడికి సరి.

నిజానికి ఆ వారం మా ఇంట్లో కుక్కరు కూడా కూత పెట్టదు. లోపల ఆవిరి బుసలు మొదలవగానే గరిటె కాడను విజిల్ మెడ కింద పెట్టి రవ్వంత లేపుతాను. ‘ఉస్స్’ మని ఆవిరి పోతుంది. వెంటనే దించాలి, మళ్ళీ బుస వినాలి, మళ్ళీ లేపాలి. పప్పుకు ఇలా నాలుగుసార్లు, అన్నానికి మూడుసార్లు. చెయ్యి కాలొద్దు, చప్పుడు కావొద్దు, లెక్క తప్పొద్దు. ఆ పని చేసేటప్పుడు కుదిరినంత ఏకాగ్రత ధ్యానం నేర్పే యాప్‌తో నాకెప్పుడూ కుదరలేదు.

ఆ తర్వాత నాలుగు గడుల పట్టిక. తొందర పనులు వేరు, ముఖ్యమైన పనులు వేరు అని అమెరికా అధ్యక్షుడు ఐజెన్‌హోవర్ 1954లో ఒక ప్రసంగంలో అన్నాడు. స్టీఫెన్ కోవీ 1989లో ‘7 హ్యాబిట్స్’ పుస్తకంలో దాన్ని నాలుగు గడులు చేసి ప్రపంచమంతా తిప్పాడు. ఆ పట్టికలో నాకు ప్రాణం లేచొచ్చిన గడి ఒకటుంది: తొందరదే గానీ నువ్వే చేయక్కర్లేదు, ఇంకొకరికి అప్పగించు. నాకున్న ఆ ఇంకొకరు ఒక్కరే. ఇద్దరి ఫోన్లకూ కలిపి పనిచేసే యాప్ ఒకటి దించాను. ‘రెండున్నర: డ్యూటీ దిగి వచ్చేటప్పుడు పెరుగు, కొత్తిమీర, పెద్దదానికి చార్టు’ అని పెట్టి, కంపెనీకి ఎండీనైనట్టు కాళ్ళు చాపుకున్నాను. రెండున్నరయింది. ఫ్రిజ్ మీద ఫోన్ మోగింది. ఆయనదే.

భూగర్భ గనిలోకి సెల్‌ఫోన్, అగ్గిపెట్టె, బీడీ ఏదీ తీసుకపోనివ్వరు. లోపల మీథేన్ ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. ఈ సంగతి నాకు పెళ్ళినాటి నుంచీ తెలుసు, యాప్‌కే తెలియదు. ఫోన్ తీసి చూస్తే నా ఆజ్ఞే నాకు కనిపించింది. సూపర్‌బజార్ దాకా పోయి పెరుగు, కొత్తిమీర, చార్టు తెచ్చి, ఆయన ఫోన్‌లో ‘అయింది’ అని నేనే నొక్కాను. సాయంత్రం ఆయన అది చూసుకుని, “మంచిగనే చేసిన గదా,” అన్నాడు.

ఈ విద్యలకు పుట్టిల్లు ఫ్యాక్టరీలే. కార్మికుల కదలికలను కొలిచే లెక్కను అమెరికాలో లిలియన్ గిల్‌బ్రెత్ అనే ఆమె వంటింట్లోకి తెచ్చింది. 12 మంది పిల్లల తల్లి. కాలితో తొక్కితే మూత లేచే చెత్తడబ్బా, ఫ్రిజ్ తలుపుకు అరలు ఆమె ఆలోచనలేనంటారు. భక్తి ముదిరి, స్టవ్వుకూ గూటికీ మధ్య నా అడుగులు లెక్కపెట్టుకుంటూ తిరుగుతుంటే మా పెద్దది ఫోన్‌లోంచి తలెత్తి, “మమ్మీ, వాళ్ళింట్ల పనికి వేరే మనుషులుండేటోళ్ళట,” అంది. నా అడుగుల లెక్క అక్కడితో ఆగింది.

మా అత్తమ్మకు చదువు రాదు. సిగ్డిలో బొగ్గు రాజేసి మూడు షిఫ్టులకూ వండిపెట్టిన మనిషి. పాల లెక్కకు గోడ మీద బొగ్గుగీతలు, మిగతా వాటికి కొంగుముడి. పాత పద్ధతే గొప్పదని రాసెయ్యాలని పెన్ను ఉబలాటపడుతోంది గానీ, జరిగింది వేరు. ఒకనాడు కొంగు చేత్తో పట్టుకుని వంటింట్లోకొచ్చింది.

“పిల్లా, ఈ ముడి ఎందుకేసిన్నే నేను?”

ఇద్దరం ఆలోచించాం. బీపీ గోలీలా, చిట్టీ పైసలా, ఆడబిడ్డకు ఫోనా? తేలలేదు. “నీ బుక్కుల రాయి,” అంది. ‘అత్తమ్మ కొంగుముడి: కారణం కనుక్కోవాలి’ అని రాశాను. కాని పనిని బాణం గుర్తేసి ముందుకు జరపమని బులెట్ జర్నల్ కనిపెట్టిన రైడర్ కారల్ చెప్పాడు. చీర ఎప్పుడో ఉతుక్కి పోయింది. ముడి మాత్రం బాణాల మీద నడుచుకుంటూ కొత్త ప్లానర్‌లోకి వచ్చింది.

ఒకసారి తెగించి, ఆదివారం గడిలో ఎర్ర స్కెచ్‌తో ‘అమ్మకు సెలవు’ అని రాసి అందరికీ చూపించాను. మా ఆయన న్యాయంగానే మాట్లాడాడు. “ఆదివారం డ్యూటీ చేస్తే మాకు డబుల్ ఇస్తరు. నీకు సుత డబుల్ ఇస్త తియ్యి,” అని సంచి పట్టుకుని పోయాడు. ఎప్పుడూ కిలో మటన్ తెచ్చే మనిషి రెండు కిలోలు తెచ్చాడు.

ఇంత జరిగినా మళ్ళీ ప్లానర్ ఎందుకు కొంటానంటే, ఒక గుట్టుంది. నేను ఊరికే కూర్చుంటే ఇంట్లో ఎవరికో ఒకరికి చాయ్ గుర్తొస్తుంది. పడుకుంటే పానం బాగలేదా అంటారు. టీవీ ముందు కూర్చుంటే ఒళ్ళోకి చిక్కుడుకాయ వస్తుంది. పెన్ను పట్టుకుని, నొసలు చిట్లించి నోటుబుక్కులోకి చూస్తే మాత్రం ఒక్కరూ దగ్గరికి రారు. “మమ్మీ లెక్కలు రాస్తుంది, లొల్లి వెట్టకుర్రి,” అని మా పెద్దదే అందరినీ అవతలికి తోలుతుంది. ఆ కాసేపూ నేను రాసేది ఏమీ ఉండదు. వచ్చే గురువారానికి ఆకుపచ్చ వేయాలా, ఊదా వేయాలా అని చూసుకుంటాను. తాగని నీళ్ళ గ్లాసుల బొమ్మలకు రంగులు దిద్దుతాను.

ఇది నాకొక్కదానికే తెలుసనుకున్నాను. బడులు తెరిచే ముందు పిల్లలకు నోటుబుక్కులు కొనడానికి బయల్దేరుతుంటే అత్తమ్మ గడప దాకా వచ్చింది.

“నాకు సుత ఒకటి తేరాదే, బిడ్డా. పెద్దది.”

“నీకెందుకత్తమ్మా? రాసుడు రాదు గదా.”

“రాసుడెందుకే,” అని ఇంట్లోకి ఒకసారి తొంగిచూసి, గొంతు తగ్గించింది. “ముంగట వెట్టుకోని కూసుంట.”